జీవో వచ్చింది సరే, డబ్బు వచ్చిందా? అసెంబ్లీలో ఉద్దానం ప్రశ్న

సోంపేట నుంచి మాట్లాడుతున్నాను.

మొన్న మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో తిరిగింది. జీవో కాపీ. పైన ప్రభుత్వ ముద్ర, కింద సంతకం, మధ్యలో కోట్లలో ఒక అంకె. ఆ అంకె చుట్టూ ఎవరో ఎర్రగా సున్నా చుట్టారు. కింద వరసగా దండాలు, పూలు, "మన ఊరికి వచ్చేసింది" అని మెసేజీలు. మా ఎదురింటి మామ్మకి చదువు రాదు గానీ మనవడి ఫోన్‌లో వచ్చేవన్నీ ఆమెకి తెలియాల్సిందే. నన్ను పిలిచి అడిగింది.

"ఏటిరా, డబ్బులు వచ్చేశాయా?"

"లేదు మామ్మా, కాగితం వచ్చింది."

"మరి డబ్బు వచ్చిందో లేదో ఎవల్ని అడగాల్రా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈ ఎపిసోడ్ ఆ మామ్మ ప్రశ్నకి జవాబు. కొంచెం పొడుగుంటది. స్పీడు పెంచుకుని వినేవాళ్ళు వినండి, నాకేం అభ్యంతరం లేదు.

ముందు జీవో సంగతి. మన ఇళ్ళల్లో పెళ్ళి కుదిరినప్పుడు మేనమామ అందరి ముందూ "నా మేనకోడలి పెళ్ళికి యాభై వేలు నావి" అంటాడు కదా. అది బడ్జెట్. తర్వాత ఇంట్లో కూర్చుని "సరే, ఆ యాభై వేలతో గొలుసు చేయించండి" అంటాడు. అది పరిపాలనా అనుమతి, మన గ్రూపులో తిరిగే జీవో చాలాసార్లు అదే. ఆ తర్వాత నిజంగా బీరువా తాళం తియ్యాలి. అది నిధుల విడుదల, దానికి వేరే ఉత్తర్వు ఉంటది. కంసాలి గొలుసు చేసి బిల్లు ఇవ్వాలి. ఆ బిల్లుకి మావయ్య డబ్బు కట్టాలి. మన రాష్ట్రంలో 2018 నుంచి ఈ బిల్లులన్నీ సీఎఫ్‌ఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో పడతాయి. చిన్న కాంట్రాక్టు పనులు చేసేవాళ్ళని ఎవర్నైనా కదిపి చూడండి, "బిల్లు సీఎఫ్‌ఎంఎస్‌లో ఉంది" అనే మాట నిట్టూర్పుతో సహా వినపడతది. ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా ఆ నిట్టూర్పు మాత్రం మారలేదు.

అంటే "ఎన్ని కోట్లు ఇచ్చారు" అనే ఒక్క మాటలో కనీసం నాలుగు వేరే వేరే అంకెలున్నాయి. కేటాయించింది ఎంత, అనుమతి ఎంతకి, విడుదలైంది ఎంత, ఖర్చయింది ఎంత. మైకు ముందు మాట్లాడే నాయకుడు నాలుగింటిలో పెద్దది చెప్తాడు. ఎదుటి పార్టీవాడు చిన్నది చెప్తాడు. ఇద్దరూ అబద్ధం ఆడినట్టు కాదు. మనకే అర్థం కాదు.

2025-26 రాష్ట్ర బడ్జెట్ రూ.3.22 లక్షల కోట్లు. ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ 2025 ఫిబ్రవరి 28న సభలో పెట్టారు. ఆ పుస్తకాల్లో పక్కపక్కనే నిలువు వరసలుంటాయి. రెండేళ్ళ కిందటి అసలు లెక్కలు, పోయినేడు అనుకున్నది, పోయినేడు సవరించుకున్నది, ఈ ఏడు అనుకుంటున్నది. టీవీలో వచ్చేది చివరి వరస. నిజంగా ఎంత ఖర్చయిందో చెప్పేది మొదటి వరస, అది రెండేళ్ళ పాతది. ఈ మధ్యలో ఉన్న రెండేళ్ళూ చీకటి. ఆ చీకట్లో లైటు వెయ్యడానికి ఉన్న దారుల్లో సామాన్యుడికి దగ్గరగా ఉన్నది ప్రశ్నోత్తరాల సమయం. అంటే సభ మొదలవగానే వచ్చే గంట. టీవీలో అరుపులూ నినాదాలూ కనిపించేది ఎక్కువగా ఆ తర్వాత, ప్రశ్నలు బుద్ధిగా నడిచిన రోజు వార్తే ఉండదు.

ప్రశ్నలు రెండు రకాలు. స్టార్ గుర్తు ఉన్నదానికి మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, దానిమీద అనుబంధ ప్రశ్నలు వెయ్యొచ్చు. స్టార్ లేనిదానికి రాతపూర్వక జవాబు వస్తది. లిస్టులో ఉన్నవన్నీ గంటలో అవ్వవు, మిగిలినవాటికి జవాబు కాగితం సభ ముందు పెడతారు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం. అసెంబ్లీ ప్రశ్నకి ఒక భాష ఉంది. ఎప్పుడైనా చదివారా? "గౌరవనీయ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి దయచేసి ఈ క్రింది విషయములు తెలియజేయుదురా" అని మొదలవుతది. తర్వాత (అ) ఫలానాది వాస్తవమేనా, (ఆ) అయితే దాని వివరములేవి, (ఇ) ఎప్పటిలోగా పూర్తి చేస్తారు. జవాబు పక్కన ఇంకో వరసలో. (అ) లేదండి. (ఆ), (ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు.

అయిపోయింది. మూడు మాటల్లో ప్రశ్న మొత్తం చచ్చిపోయింది.

ఎందుకు చచ్చింది? "పనులు ఆగిపోయిన మాట వాస్తవమేనా" అని అడిగితే, ఒక్క కూలీ ఒక్క తట్ట మట్టి ఎత్తుతున్నా "లేదండి" అనొచ్చు. అది అబద్ధం కాదు. (అ) పడిపోగానే దాన్ని పట్టుకుని వేలాడే (ఆ), (ఇ) కూడా పడిపోతాయి. అదే ప్రశ్నని "ఈ పనికి ఇప్పటివరకు విడుదలైన మొత్తం ఎంత, చెల్లించిన మొత్తం ఎంత, పెండింగ్ బిల్లుల మొత్తం ఎంత, ఏడాదివారీగా" అని అడిగితే "లేదండి" అనే జవాబు అక్కడ పట్టదు. అంకె పెట్టాల్సిందే.

ఇది కేవలం మాటల ఆట అనుకోకండి. ఒక ప్రశ్న అసెంబ్లీ సచివాలయం నుంచి శాఖ కార్యదర్శికి, అక్కడి నుంచి కమిషనర్‌కి, కలెక్టరేట్‌కి, జిల్లా అధికారికి, చివరికి మండలంలో ఒక గుమాస్తా టేబుల్ మీదకి వస్తది. ఆఫీసుల్లో దీన్ని ఎల్‌ఏక్యూ అంటారు. లెజిస్లేటివ్ అసెంబ్లీ క్వశ్చన్. మామూలు అర్జీ నెలల తరబడి పడుకునే చోట, ఎల్‌ఏక్యూ వచ్చిందంటే సాయంత్రంలోగా మెయిల్ వెళ్ళిపోవాలి. ఎందుకంటే ఆ జవాబుని మంత్రి సభలో నిలబడి చదువుతాడు. కావాలని తప్పు చెప్తే సభా హక్కుల ఉల్లంఘన అవుతది. అంటే సరిగ్గా రాసిన ఒక ప్రశ్న వెలగపూడి నుంచి అయిదు వందల కిలోమీటర్లు దాటి మన సోంపేట దాకా వచ్చి, ఇక్కడ ఒక రిజిస్టర్ తెరిపిస్తది.

ఇక ఉద్దానం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఏడు మండలాలు. కొబ్బరి, జీడి, పనస. బయటవాళ్ళు చూస్తే కోనసీమకి చుట్టంలా ఉంటది. లోపల కిడ్నీ జబ్బు. ఎందుకొస్తోందో ఇదమిత్థంగా తేలలేదు. నీళ్ళలో ఏముంది, నేలలో ఏముంది, ఎండలో పని ఎంత, అని ఏళ్ళ తరబడి పరిశోధకులు వచ్చి రక్తం తీసుకెళ్ళారు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళే మనిషి లేని వీధి ఏదని వెతకాల్సిన ఊళ్ళు మనకున్నాయి. వాళ్ళ ఇంటి ఖర్చు, పక్కన ఇంకో మనిషి కూలి పోవడం, ఆటో కిరాయి. ఇవి ఏ బడ్జెట్ పద్దులోనూ ఉండవు.

మరి ప్రభుత్వం ఏమీ చెయ్యలేదా? చేసింది. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి మాట్లాడాక రాష్ట్రమంతా ఉద్దానం పేరు వింది. డయాలసిస్ రోగులకి పింఛను మొదలైంది, పెరిగింది, ఇప్పుడు నెలకి రూ.10,000. పలాసలో 200 పడకల ఆసుపత్రికి, కిడ్నీ పరిశోధన కేంద్రానికి 2019 సెప్టెంబర్‌లో శంకుస్థాపన అయింది, 2023 డిసెంబర్ 14న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ప్రారంభించారు. అదే రోజు హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపుల్లో నీళ్ళు తెచ్చే సుజలధార పథకం కూడా. దానికి రూ.700 కోట్లు, 807 ఊళ్ళు అని ప్రభుత్వం చెప్పింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది.

ఇప్పుడు చూడండి, ఒక పార్టీ అభిమాని "మేం కట్టాం" అంటాడు. ఇంకో పార్టీ అభిమాని "కట్టి వదిలేశారు, మేం నడుపుతున్నాం" అంటాడు. రెండు వీడియోలూ మీ ఫోన్‌లోకి వస్తాయి. రెండింటిలోనూ అదే బిల్డింగు డ్రోన్ షాట్. బిల్డింగు వైద్యం చెయ్యదు కదా. నెఫ్రాలజిస్టు చెయ్యాలి, నర్సు చెయ్యాలి, టెక్నీషియన్ చెయ్యాలి. కాబట్టి ప్రశ్న బిల్డింగు గురించి కాదు. మంజూరైన పోస్టులెన్ని, ఈ రోజుకి భర్తీ అయినవి ఎన్ని, అందులో రెగ్యులర్ ఎన్ని, డిప్యుటేషన్ ఎన్ని? పరిశోధన కేంద్రానికి జీతాలు కాకుండా పరిశోధన కోసం ఏ ఏడాది ఎంత విడుదలైంది? 807 ఊళ్ళలో రోజూ నీళ్ళు అందుతున్నవి ఎన్ని, మండలవారీగా? పైపులు వేశాక వాటి నిర్వహణకి ఏడాదికి ఎంత, అది ఏ పద్దు కింద?

నిర్వహణ అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. కొత్త పనికి కొబ్బరికాయ కొడతారు, ఫొటో వస్తది. నిర్వహణకి ఫొటో ఉండదు. మోటారు కాలిపోతే మార్చడానికి డబ్బు ఏ పద్దులో ఉందో అడిగిన సభ్యుడికి ఓట్లు పడతాయో లేదో నాకు తెలీదు. కానీ నీళ్ళు రావడం, రాకపోవడం ఆ మోటారు మీదే ఉంది.

ఒక ప్రశ్న నిజంగా ఏం చెయ్యగలదో చూపించే కథ ఒకటుంది. 1957. ఎల్ఐసీ పుట్టి ఏడాది. అంటే జనం పాలసీల డబ్బు. ఆ డబ్బులోంచి సుమారు రూ.1.24 కోట్లు హరిదాస్ ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లలో పెట్టారు. లోక్‌సభలో ప్రశ్నలు వచ్చాయి. మొదట మంత్రి వైపు నుంచి వచ్చిన జవాబులు ముక్తసరిగా ఉన్నాయి. ఫిరోజ్ గాంధీ వదల్లేదు. ఆయన ఎదుటి పార్టీ కాదు, కాంగ్రెస్ సభ్యుడే, ప్రధాని నెహ్రూకి స్వయానా అల్లుడు. చివరికి జస్టిస్ చాగ్లా విచారణ జరిగింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టీటీ కృష్ణమాచారి రాజీనామా చేశారు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, అధికార పార్టీ సభ్యుడు తన మంత్రినే అడగొచ్చు అని గుర్తుచెయ్యడానికి. మన రాష్ట్రంలో ఇప్పుడు ఆ అవసరం చాలా ఉంది. అసెంబ్లీలో 175 సీట్లు. 2024లో 164 కూటమివి, 11 వైకాపావి. ఆ 11 మంది ప్రధాన ప్రతిపక్ష హోదా అడుగుతూ సమావేశాలకి చాలావరకు దూరంగా ఉన్నారు. ఇది వాళ్ళతో మొదలైంది కాదు. 2017 చివర్లో కూడా వైకాపా సభని బహిష్కరించింది. 2021 నవంబర్ 19న చంద్రబాబు "ముఖ్యమంత్రిగానే తిరిగి వస్తా" అని శపథం చేసి బయటికి వెళ్ళారు. ఎవరి కారణాలు వాళ్ళకి ఉన్నాయి. ఆ కారణాలు విని నాకు ఒక్కటే అనిపిస్తది, వాళ్ళ నియోజకవర్గంలో పింఛను ఆగిపోయిన మనిషి కూడా ఆ రోజు సభ నుంచి బయటికి వెళ్ళిపోయినట్టే కదా. ఖర్చుల మీద ఆడిట్ రిపోర్టులు చూసే ప్రజా పద్దుల కమిటీ ఉంటది. దాని అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. 2019 తర్వాత ఆ కుర్చీలో ఉన్నది ఇప్పుడు ఆర్థిక మంత్రిగా ఉన్న పయ్యావుల కేశవే. 2024లో ఎన్నికని వైకాపా బహిష్కరించింది, భీమవరం జనసేన ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులు చైర్మన్ అయ్యారు. అడిగేవాళ్ళూ, అడిగించుకునేవాళ్ళూ ఒకే కూటమి.

శాసనమండలిలో కొంచెం వేరు. అక్కడ వైకాపాకి బలం ఉంది, బొత్స సత్యనారాయణ ప్రతిపక్ష నేత, ప్రశ్నలు గట్టిగానే పడుతున్నాయి. కాబట్టి మీ ప్రశ్నని ఎమ్మెల్సీకి పంపినా పనికొస్తది.

మన దగ్గర లెక్క ఎలా ఉందో చూద్దాం. టెక్కలి ఎమ్మెల్యే అచ్చెన్నాయుడు మంత్రి, కాబట్టి ఆయన జవాబు చెప్పే వైపు ఉంటారు, ప్రశ్న అడగరు. సోంపేటకి ఒకప్పుడు సొంత నియోజకవర్గం ఉండేది, గౌతు లచ్చన్న, తర్వాత ఆయన కొడుకు శివాజీ గెలిచిన సీటు. పునర్విభజనతో 2009 ఎన్నికల నుంచి ఆ సీటు లేదు. సోంపేట మండలం ఇచ్ఛాపురంలో కలిసింది, పలాస కొత్తగా వచ్చింది. అంటే ఉద్దానం ఏడు మండలాల తరఫున సభలో లేచి అడగగలిగింది ఇద్దరు. ఇచ్ఛాపురం బెందాళం అశోక్, పలాస గౌతు శిరీష. ఇద్దరూ అధికార పార్టీ. ఇబ్బంది ఉంటది, ఒప్పుకుంటాను. కానీ ఫిరోజ్ గాంధీకి ఇంకా ఎక్కువ ఇబ్బంది ఉండి ఉంటది, మావగారే ప్రధాని.

సోంపేటవాడిని, కాగితం మీద మాట గురించి మాట్లాడుతూ బీల గురించి చెప్పకుండా ఉండలేను. థర్మల్ ప్లాంటుకి ఇచ్చిన నేల కాగితాల్లో పనికిరాని భూమి. నేల మీద చూస్తే బీల. నీళ్ళు, చేపలు, గడ్డి, కింద వరి. "ఇది బీలే, బంజరు కాదు" అని జనం రుజువులతో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీకి వెళ్ళారు. 2010 జూలై 14న ఇక్కడ పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఆ అథారిటీ ప్లాంటు పర్యావరణ అనుమతిని కొట్టేసింది. ఒకే రోజు. కాగితంలో ఒక్క మాట తప్పుగా ఉంటే ఎంత దాకా పోతదో ఈ ఊరికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ మాటని ముందే, ప్రశ్నల గంటలో, "ఈ భూమిని ఏ సర్వే ఆధారంగా ఏ రకంగా నమోదు చేశారు" అని గట్టిగా పట్టుకుని ఉంటే ఏమయ్యేదో అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

సరే, మీరు ఏం చెయ్యొచ్చు. సమాచార హక్కు చట్టం మీకు తెలుసు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో రూ.5, ఆ పైన రూ.10. 30 రోజుల్లో జవాబు రావాలి. దాంతో అంకెలు తెచ్చుకోవచ్చు. 2005 చట్టంలో ఒక మంచి మాట ఉండేది, శాసనసభకి కాదనలేని సమాచారాన్ని మామూలు మనిషికీ కాదనకూడదు అని. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఆ మాట ఉన్న భాగాన్ని మార్చే సవరణ పెట్టారు. దీని గురించి ఇంకో ఎపిసోడ్ చెయ్యాలి.

కానీ సమాచార హక్కుతో రికార్డులో ఉన్నదే వస్తది. "ఎందుకు" అని అడిగితే, మా దగ్గర అలాంటి రికార్డు లేదు అంటారు. చట్టం ప్రకారం అది తప్పు కూడా కాదు. "పోస్టులు ఎందుకు ఖాళీగా ఉన్నాయి, ఏ నెలలోగా నింపుతారు" అని అడిగి, జవాబు నచ్చకపోతే అక్కడే నిలబడి ఇంకో అనుబంధ ప్రశ్న వేసే హక్కు సభ్యులదే. అప్పుడు మంత్రి "పరిశీలిస్తాం, చేస్తాం" అన్నాడనుకోండి, ఆ హామీలు ఏమయ్యాయో వెంటపడి చూడడానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది. అందుకే నేను రెండూ కలిపి చెయ్యమంటాను. ముందు సమాచార హక్కుతో అంకె తెండి. ఆ కాగితం జత చేసి ఎమ్మెల్యే ఆఫీసుకి ప్రశ్న రాసి ఇవ్వండి. సమస్య చెప్పుకుంటూ అర్జీలా కాదు, ప్రశ్నలా, (అ), (ఆ), (ఇ) పెట్టి. ఎమ్మెల్యే ఆఫీసులో కూడా మనుషులే ఉంటారు, తయారుగా ఉన్నది వాడుకోవడం వాళ్ళకీ తేలిక.

నేను ఒకటి రాశాను. స్క్రీన్ మీద కనిపిస్తోంది, స్క్రీన్‌షాట్ తీసుకోండి. "(అ) పలాసలోని కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రికి కేడర్‌వారీగా మంజూరైన, భర్తీ అయిన పోస్టుల సంఖ్య ఎంత, (ఆ) ప్రారంభించిన నాటి నుండి ఏడాదివారీగా కేటాయించిన, విడుదల చేసిన, ఖర్చు చేసిన మొత్తములెంత, (ఇ) విడుదలకు ఖర్చుకు తేడా ఉన్నచో కారణములేవి, (ఈ) ఖాళీలను ఏ తేదీలోగా భర్తీ చేస్తారు?" చూడండి, "వాస్తవమేనా" అనే మాట ఎక్కడా లేదు.

దీన్ని మామ్మకి చదివి వినిపించాను. ఓపిగ్గా విని, "అంతా బాగుందిరా, మన కుళాయి సంగతి పెట్టావా?" అంది. పెట్టలేదు. ఆసుపత్రి వైద్య ఆరోగ్య శాఖ, కుళాయి గ్రామీణ నీటి సరఫరా. వేరే మంత్రి, వేరే ప్రశ్న. రెండోది ఈ రాత్రి రాసి, రెండూ కలిపి సోమవారం ఎమ్మెల్యే ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకుంటాను. ప్రశ్న నంబర్ పడితే ఆ నంబర్‌తో ఎపిసోడ్ పెడతాను. పడకపోయినా పెడతాను. ఉంటాను మరి.